కుడివైపు కింది మూల

శుభలేఖకు నాలుగు మూలలా పసుపు పెడతారు. పుట్టి బుద్ధెరిగిననాటి నుంచీ చూస్తున్న ఆచారమే. అయినా నేను రూపొందించిన ప్రతి శుభలేఖ మీదా నా పేరును కుడివైపు కింది మూలనే రాసుకుంటూ వచ్చాను. చిత్రం గీసినవారు సంతకం చేసే చోటు అదే కదా అన్న ఊహ తప్ప మరో ఆలోచన రాలేదు. పసుపు వేలికొన మేర పడి నా పేరులో చివరి అక్షరం పచ్చబడేది. దానిని నేను పట్టించుకునేదానిని కాదు.

బందరులో ఉన్నత పాఠశాల పిల్లలకు తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినదానిని. కావ్యపాఠంతో పాటు చేతిరాతను కూడా మా నాన్నగారే నేర్పారు. తలకట్టు ఎక్కడ మొదలై ఎక్కడ విరగాలో, ఒత్తు అక్షరానికి ఎంత దిగువన నిలవాలో పలక మీద దిద్దించారు. ఆ రాతతో ఉద్యోగకాలమంతా నల్లబల్లల మీద రాశాను. గంట కొట్టగానే ఎవరో ఒక పిల్ల లేచి తుడిచేసేది. బడి వార్షికోత్సవాల ఆహ్వానపత్రాలన్నీ నా రాతే, వాటి కింద పేరు మాత్రం ప్రధానోపాధ్యాయులది. అందులో అన్యాయం ఉన్నదని అప్పట్లో నాకు తోచలేదు. ఇప్పుడు కూడా గట్టిగా తోచదు.

నేను బడి విడిచిన మరుసటి ఏడాది మా వారు కాలధర్మం చెందారు. నేను ఏడవలేదని బంధువులు చెప్పుకున్నారు. నిజమే. పన్ను తీసే ముందు వైద్యుడు సూదిమందు ఇస్తే, బుగ్గను వేలితో తాకినప్పుడు వేలికి బుగ్గ తెలుస్తుంది, బుగ్గకు వేలు తెలియదు. అప్పటి నుంచి నా దినచర్య ఆ విధంగానే సాగుతున్నది. పింఛను కాగితాల మీదా, బ్యాంకు కాగితాల మీదా నా పేరు పక్కన 'లేటు ఫలానావారి భార్య' అని చేరింది. చేరిన చోటల్లా సంతకం చేశాను.

కెమెరా కొన్నది ఆ రోజుల్లోనే. గుడివాడలో పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసే ఒకాయన డ్రోనులూ వీడియోలూ మొదలుపెట్టి పాత కెమెరాను అమ్మకానికి పెట్టాడని తెలిసి వెళ్ళి తెచ్చుకున్నాను. ఎందుకు కొన్నానో చెప్పమంటే చెప్పలేను. మధ్యాహ్నాలు పొడుగ్గా ఉండేవి, అంతే. పెరట్లో తీగ మీద ఆరేసిన బట్టలు తీశాను, ఓడరేవు దారిలో ఉప్పు తిన్న గోడలు తీశాను. గిల్టు నగల దుకాణం ఆయన ఒకరు, నా పాత విద్యార్థి తండ్రి, ఫోనులో అమ్మకాలకని తన సరుకును నా చేత తీయించుకున్నారు. చూసి నవ్వారు.

"టీచర్ గారూ, అందరూ తీస్తే మా గిల్టు బంగారంలా ఉంటుందండీ. మీరు తీస్తే గిల్టు గిల్టులాగే ఉంది. కాస్త అబద్ధం కలపండి తల్లీ."

కలపడం నేర్చుకున్నాను. వెలుగును ఏ వైపు నుంచి రానిస్తే లోహం మెత్తబడుతుందో కొన్నాళ్ళకు పట్టుబడింది.

తీసినవాటిని పెట్టుకోవడానికి బ్లాగు తెరిచాను. చిత్రం కింద నాలుగు వాక్యాలు రాసేదానిని, క్రమంగా అవి నాలుగు పేరాలయ్యాయి. ఒకసారి పాత ఉత్తరాలలో స్త్రీల పేర్లకు ముందు రాసే పొడి అక్షరాల గురించి రాశాను. పెళ్ళికాని పిల్లకు చి.ల.సౌ., ముత్తైదువకు మ.ల.స., అనగా మహాలక్ష్మీ సమానురాలు. భర్త పోయినవారికి గం.భా.స., గంగాభాగీరథీ సమానురాలు. లక్ష్మి ఇంట్లో ఉంటుంది, గంగ ఊరి బయట పారుతుంది, అని రాసి ఆపాను. నా వ్రాతలలో ఎక్కువమంది చదివినది అదే. ఆ బ్లాగులో నా పేరుకు ముందు ఏ అక్షరాలూ లేవు, వెనుక ఎవరి పేరూ లేదు. అట్లా ఉండగా నా పేరును నేను చూడడం అదే మొదలు. ఆనందం కలిగిందని అనను. కానీ ఆ పేజీని మూసి మళ్ళీ తెరిచి చూశాను.

గుడివాడలో శుభలేఖలు అచ్చువేసే ఒక ప్రెస్సు యజమాని ఆ బ్లాగులో నా చేతిరాత చూసే ఫోను చేశాడు. కంప్యూటరు అక్షరాలలో పై వరుస ఒత్తులు జారి కింది వరుస తలకట్ల మీద పడుతున్నాయనీ, పెళ్ళివారు గొడవ చేస్తున్నారనీ అతని బాధ. శుభలేఖలు చేతితో రాసి, అందులో ఇమిడే ఛాయాచిత్రం నేనే తీసి, కూర్పు కూడా చేసి ఇవ్వడానికి ఒప్పుకున్నాను. ఒక్కటే షరతు పెట్టాను. నా పేరు ఉండాలి.

"మీ పేరుకేం టీచర్ గారూ, మా ప్రెస్సు పేరు కంటే పెద్దగా వేసుకోండి" అన్నాడు.

చిన్నగానే వేసుకున్నాను, కుడివైపు కింది మూల.

అవనిగడ్డ నుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది. గుడ్లవల్లేరులో ఇంజనీరింగు చదివి ఉద్యోగంలో ఉన్న పిల్ల. పెళ్ళి కుదిరిందట.

"మేడమ్, నా కార్డు మీరే రాయాలండీ. గం.భా.స. గురించి మీరు రాసింది మా నాయనమ్మకి చదివి వినిపించానండీ."

"ఏమన్నారు?"

"'చదువుకున్నావిడకి పనేం లేదా' అందండీ."

వెళ్ళాను. దారి తప్పినట్టుగా ముందు నాగాయలంక దాకా పోయి, రేవులో ఒకే గుంజకు రెండు పడవల తాళ్ళు ముడిపడి ఉండగా తీసి, తిరుగు బస్సులో అవనిగడ్డ దిగాను. కెమెరా తెరలో ఆ బొమ్మను చూపితే పిల్ల మురిసిపోయింది. తల్లి మాత్రం కళ్ళజోడు సవరించుకుంది.

"పెళ్ళికార్డు మీద పలుపుతాడేంటి పిన్నిగారూ? పెళ్ళికొడుకు బెదిరిపోడూ?"

"ముందే తెలియడం మంచిదిలే అమ్మా" అన్నది పిల్ల.

వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్న పెద్దావిడే ఆ నాయనమ్మ. భర్త పోయి ముప్పై ఏళ్ళు దాటిందట. నేను రాసి చూపుతున్న నమూనాను దూరం నుంచే చూసి, కింది మూల ఆ చిన్న అక్షరాలేమిటని అడిగింది. నా పేరని పిల్ల చెప్పింది.

"నా మనవరాలి కార్డు మీద నా పేరే వేయించుకోలేదమ్మా నేను. కీర్తిశేషులు అని ఆయన పేరు వేశారు, చాల్లే. మరి నీ పేరెందుకు?"

"నాయనమ్మా, ఆవిడ డిజైనర్. డిజైనర్ పేరు ఉంటుంది."

"జాకెట్టు మీద దర్జీ పేరు ఉంటుందా?"

"ఉంటుంది. లోపల, మెడ దగ్గర."

"అయితే లోపలే వెయ్యమను."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. పెద్దావిడ నవ్వలేదు, ఒక గింజను తీసి పక్కన పెట్టింది.

మరునాడు తల్లి ఫోను చేసింది. "పిన్నిగారూ, మరోలా అనుకోకండి. మీ రాత అంటే మా అందరికీ ప్రాణం. మగపెళ్ళివారు పాతకాలపు మనుషులు. మీ సంగతి ఎవరో చెప్పారట. శుభమా అని కార్డు మీద... మీకు నేను చెప్పాలా అండీ. ఈ ఒక్కదానికి పేరు తీసేయండి."

"పేరు తీసేస్తే అక్షరాలు కూడా తీసేయాలండీ" అన్నాను.

నా గొంతులో కోపం లేదు. పాఠం చెప్పేటప్పటి గొంతే. అవతల చాలాసేపు వంటింటి చప్పుళ్ళు వినిపించాయి.

"సరేనండీ. ఉండనివ్వండి" అన్నది చివరికి.

ప్రెస్సులో తొలి ప్రతిని నేనే సరిచూశాను. తాళ్ళముడి పైన, అక్షరాలు నడుమ, నా పేరు దాని చోట. యజమాని భూతద్దం పెట్టి చూశాడు. "మీ తలకట్లు చూస్తుంటే పెళ్ళికెళ్ళకపోయినా భోంచేసినట్టుందండీ" అన్నాడు.

కార్డులు పంచడానికి పిల్ల తల్లిదండ్రులు బందరు వచ్చినప్పుడు మా ఇంటికీ వచ్చారు. తండ్రి నమస్కారం చేసి కుర్చీ అంచున కూర్చున్నాడు. తల్లి ఒక చేతిలో కార్డు, మరో చేతిలో కుంకుమ భరిణె పట్టుకుని వచ్చి, గుమ్మం దాటగానే భరిణెను సంచిలో వేసింది. "తప్పకుండా రావాలి పిన్నిగారూ" అంటూ కార్డు నా చేతిలో పెట్టింది.

మూడు మూలలా పసుపు వేలికొనంత ఉంది. నాలుగో మూల మాత్రం ముద్దగా మెత్తి ఉంది. గోడకు సున్నం పూసినట్టు నా పేరు ఉన్నంత మేరా ఒక్క అక్షరం కనబడకుండా పూశారు.

"ఈ మూల కాస్త ఎక్కువ పడినట్టుందండీ" అన్నాను.

"పిల్లలు పెట్టారండీ. వాళ్ళ చేతికి లెక్కేం ఉంటుంది?" అన్నది, నా వైపు చూడకుండా.

కాఫీ పెట్టి ఇచ్చాను. తండ్రి కాఫీ బాగుందన్నాడు. వాళ్ళు వెళ్ళాక కప్పులు కడిగి, కార్డును కిటికీ దగ్గర బల్ల మీద పెట్టి ఫొటో తీశాను. పక్కవాటు వెలుగులో పసుపు ముద్ద మీద వేళ్ళ చారలు తేలాయి. పిల్లల వేళ్ళు కావవి. చిత్రం బాగా వచ్చింది. ఆ చిత్రాన్ని బ్లాగులో పెట్టలేదు.

తరువాతి వారం ఫోనులు మొదలయ్యాయి. ముందు నాగాయలంక నుంచి ఒకరు, ఆ తరువాత పామర్రు నుంచి. ఆ కార్డు రాసింది మీరేనా అని అడిగారు. పేరు ఎట్లా తెలిసిందని నేను అడిగాను. "కార్డు మీదే ఉంది కదండీ, పసుపులో" అన్నారు. నా ప్రతిని తీసి చూశాను. పసుపు ఆరి, పొడిగా రాలిపోయింది. పచ్చని మరక మీద నల్లని అక్షరాలు అన్నీ ఉన్నాయి.

పెళ్ళికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళావంటే పిలిచారు కనుక. కల్యాణమండపంలో చివరి వరుసలో, పంకా గాలి అందని చోట పెద్దావిడ ఒక్కతే కూర్చుని ఉంది. నన్ను చూసి పక్క కుర్చీ మీది సంచిని తీసి ఒళ్ళో పెట్టుకుంది. కూర్చున్నాను. వేదిక మీద ఏం జరుగుతున్నదో తెలియదు, అక్కడి నుంచి వీడియోవాళ్ళ వీపులే కనిపిస్తున్నాయి.

"కార్డు అందిందామ్మా?" అన్నది.

"అందిందండీ."

"ఆ మూల పసుపు పెట్టింది నేనే."

నేను ఆవిడ వైపు తిరిగాను.

"ముగ్గురు కోడళ్ళూ కూర్చుని మూడు మూలలూ పెట్టేసి ఆగిపోయారు. పేరు కప్పేయాలని అనుకున్నది వాళ్ళే, అయితే ఆ పేరు మీద ముత్తైదువ చెయ్యి పడకూడదట. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. చివరికి పెద్దకోడలు గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. 'అత్తయ్యా, ఆ మూల మీరు కానివ్వండి' అంది."

బాజాలు ఒక్కసారిగా హెచ్చాయి. తలంబ్రాలనుకుంటాను. ఆవిడ అవి తగ్గేదాకా ఆగింది.

"ఈ ఇంట్లో నాలుగు పెళ్ళిళ్ళు జరిగాయి. ఒక్కదానికీ నన్ను పసుపు గిన్నె దగ్గరికి రానివ్వలేదు. నీ పేరు పుణ్యమా అని కార్డులన్నిటికీ పెట్టాను. నాలుగు వేళ్ళూ ముంచి పెట్టాను. వేళ్ళతో ఎందుకత్తయ్యా, పుల్లతో పెట్టొచ్చుగా అంది చిన్నది. వినపడనట్టు ఊరుకున్నా." కుడిచేతిని తిప్పి చూసుకుంది. అందులో ఇప్పుడేమీ లేదు. "రెండు రోజులు పోలేదమ్మా. అన్నం కలుపుకుంటే అన్నం పచ్చగా అయింది."

నేను ఆ చేతిని చూస్తూ కూర్చున్నాను. సూదిమందు పడిన బుగ్గకు వేలు కాస్త తెలిసినట్టు ఉంది. అంతకంటే ఎక్కువ ఉన్నదని రాస్తే అబద్ధం కలిపినట్టవుతుంది.

"నా మీద కోపమా?"

"లేదండీ. ఇక మీదట పేరును మూలన రాయను. కింద నడిమధ్యన రాస్తాను. అక్కడ పసుపు పెట్టరు కదా."

ఆవిడ ఒళ్ళో సంచిని సర్దుకుంది. "అవునులే. నడిమధ్యనైతే నాకు పనుండదు" అన్నది. అని, నవ్వింది. ఆవిడ నవ్వగా నేను చూడడం అదే.

అన్నట్టుగానే ఆ తరువాతి కార్డులన్నిటిమీదా నా పేరును నడిమధ్యకు మార్చాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, బహుశా ఎవరూ చూడలేదు. పని పెరిగింది. పెడనలో కలంకారీ అద్దకం చేసేవారికి చీరల చిత్రాలు తీస్తున్నాను, బ్లాగు రాస్తున్నాను, ముహూర్తాల నెలల్లో తీరిక ఉండడం లేదు. బంధువులు నన్ను చూసి 'నిలదొక్కుకుంది' అంటున్నారు. ఆ మాటను నేను కాదనలేదు.

మొన్న అవనిగడ్డ వారి ఇంటి నుంచే మళ్ళీ కబురు వచ్చింది. చిన్నకోడలి కూతురికి ఓణీల వేడుక, కార్డు కావాలి. పెళ్ళయిన పిల్ల తల్లే ఫోను చేసింది, ఆమె స్వరంలో వెనకటి సంకోచం కొంత మిగిలే ఉంది. "పేరు మీ ఇష్టం పిన్నిగారూ, ఎక్కడైనా వేసుకోండి" అన్నది. పెద్దావిడ ఎట్లా ఉన్నారని అడిగాను. మోకాళ్ళు కదలనివ్వడం లేదనీ, వసారాలోనే కూర్చుంటున్నదనీ చెప్పింది.

రాసి, కూర్చి, గుడివాడ పంపించాను. ప్రెస్సు యజమాని ఫోను చేశాడు.

"టీచర్ గారూ, పేరు మళ్ళీ పాత చోటికి జారిందండీ. పొరపాటా? మధ్యలోకి లాగమంటారా?"

"పొరపాటు కాదు. కుడివైపు కింది మూలనే ఉండాలి."

"అక్షరాలు కూడా కాస్త పెద్దవయ్యాయండీ ఈసారి."

"అవును. పెద్దవే రాశాను" అన్నాను. వాటిని కప్పాలంటే పసుపు ఎక్కువ కావాలి.