మావయ్య కొలిచిన దుప్పట్లు

మా మావయ్య మనుషుల్ని బిందెల్లో కొలిచేవాడు. ఎవరు ఎదురుపడినా క్షేమసమాచారాల కంటే ముందు స్నానసమాచారాలు అడిగేవాడు. బకెట్టా, షవరా? ఒంటిపూటా, రెండుపూటలా? ఆడవాళ్లని కూడా వదిలేవాడు కాదు. దాంతో అత్తయ్య ఆయన వెంట పెళ్లిళ్లకు వెళ్లడమే మానేసింది.

తప్పు పూర్తిగా ఆయనది కాదు, ఉద్యోగానిది. వాన మొహం చాటేసే మా ఊళ్లో, నీళ్ల ఆఫీసులో కూర్చుని వచ్చే ఏడాదికి ఎంత నీరు కావాలో అంచనా కట్టడం ఆయన పని. పక్కింటాయనకు జీతం పెరిగిందంటే మావయ్య మొహం వేలాడేసేవాడు. ముందు వాషింగ్ మిషను వస్తుంది, ఆ వెనకే పూలకుండీలు వస్తాయని నిట్టూర్చేవాడు. అన్నదమ్ములు వేరుపడితే వాళ్లను కన్నతల్లి కంటే ఈయనే ఎక్కువ కుమిలిపోయేవాడు. తలలు పెరిగితే ఎలాగో సర్దవచ్చట, వంటిళ్లు పెరిగితే మాత్రం ఊరు గుల్లేనట. వీధి కొళాయి నుంచి మోసుకొచ్చుకున్నన్నాళ్లూ నీళ్లకు మర్యాద ఉంటుందని, గొట్టం ఇంట్లోకి రాగానే ఆ మర్యాద కాస్తా కాలవలో కలుస్తుందని ఆయన సిద్ధాంతం.

ఒక పెళ్లిలో పెళ్లికొడుకు చెయ్యి పట్టుకుని, వేరు కాపురమా, అందరితో కలిసా అని ఆరా తీశాడు. వేరేనని ఆ అబ్బాయి సిగ్గుపడుతూ చెప్పాడు. మావయ్య అతని భుజం తట్టి, "పోనీలే, తోట మాత్రం పెట్టకు నాయనా" అన్నాడు. ఆశీర్వాదం అక్కడితో సరి.

అమ్మ మంచాన పడేదాకా మేం ఇవన్నీ చెప్పుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్లం.

అమ్మ ఆయనకు సొంత అక్క. నడుం కింద పట్టు తప్పింది. దుప్పట్లు పూటపూటకీ తడిసేవి. పక్క పొడిగా లేకపోతే ఒళ్లంతా పుళ్లు పడతాయని డాక్టరు గట్టిగా చెప్పాడు. మా వీధికి నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి, అదీ కాసేపు. మాది వీధి చివరి ఇల్లు కావడంతో, అందరూ పట్టుకోగా గొట్టంలో మిగిలిందే మాకు దక్కేది. అది వంటకూ, అమ్మ ఒళ్లు తుడవడానికే సరిపోయేది కాదు. దుప్పటి తడుస్తుందని అమ్మ మంచినీళ్లు తాగడం తగ్గించేసింది. పెదవులు ఎండిపోయి కూడా దాహం లేదనేది. అది చూడలేక నేను సిగ్గు విడిచి మావయ్యను అడిగాను. మా వీధికి ఇంకాస్త సేపు నీళ్లు వదిలించమన్నాను.

"కుదరదమ్మా. ఇక్కడ ఎక్కువ వదిలితే ఇంకో వీధిలో ఎవరి అక్కకో తక్కువవుతాయి" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఈయనకు నరాల్లో కూడా నీళ్లే పారుతున్నాయనుకున్నాను.

మర్నాడు సంచి పట్టుకుని వచ్చాడు. మంచాన పడ్డ మనిషికి ఎన్ని నీళ్లు కావాలో ఆఫీసు అంచనాలో లేదట, కొలిచి చూడాలట. మాసిన దుప్పట్లు ఇమ్మన్నాడు. అక్క కష్టం కూడా ఈయనకు లెక్కేనా అని తిట్టుకుంటూనే ఇచ్చాను. ఉతికి, ఎండబెట్టి, మడతపెట్టి తెచ్చాడు. కొలత తప్పిందని మళ్లీ పట్టుకెళ్లాడు. ఆ తర్వాత సబ్బు మార్చి చూడాలన్నాడు. ఆ తర్వాత ఎండాకాలం లెక్క వేరన్నాడు. ఆ కొలత ఎంతకీ తేలలేదు.

"వాడికి చిన్నప్పుడూ అంతే, లెక్కలు ఒక పట్టాన వచ్చేవి కావు" అని అమ్మ నవ్వేది. అడిగి మరీ మంచినీళ్లు తాగడం మొదలుపెట్టింది.

చలికాలం చివర్లో అమ్మ పోయింది. ఒంటి మీద ఒక్క పుండు లేదు.

పలకరించడానికి మావయ్య ఆఫీసు గుమస్తా వచ్చాడు. దుప్పట్ల కొలత చివరికి ఎంత తేలిందని అడిగితే ఆయన తెల్లమొహం వేశాడు.

"కొలతేమిటమ్మా? మనిషికి ఇంత అని పైనుంచే చెప్తారు. మేం దాంతో లెక్క కట్టడమే తప్ప కొలిచేదేం లేదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఈ మధ్య మావయ్య స్నానం చేయకుండా ఆఫీసుకు వస్తుంటే తట్టుకోలేక ఆయన కుర్చీని కిటికీ పక్కకు జరిపామని చెప్పాడు.

అత్తయ్య తల వంచుకుంది. మావయ్య తన వాటా స్నానం నీళ్లతోనే ఆ దుప్పట్లు ఉతికేవాడట. ఆవిడను చెయ్యి వేయనిచ్చేవాడు కాదట. అమ్మ పోయినప్పుడు కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది నాకు.

ఆ తర్వాత నీళ్లొచ్చిన రోజు మావయ్య అలవాటు కొద్దీ సంచితో వచ్చేశాడు. గుమ్మంలోకి వచ్చాక గుర్తొచ్చి, సంచిని వెనక్కి దాచుకుని నిలబడిపోయాడు. నేను రెండు బకెట్లు నిండా పట్టి, స్నానం చేయమన్నాను.

"రెండెందుకే? ఒకటి చాలదూ?"

"రెండోది అమ్మ వాటా, మావయ్యా."

ఆయన తువ్వాలు తీసుకుని లోపలికి వెళ్లాడు.

మా ఊళ్లో స్నానం చేస్తూ పాడే అలవాటు ఎవరికీ లేదు. పల్లవి పూర్తయ్యేలోపు నీళ్లయిపోతాయి. ఆ రోజు తలుపు వెనక నుంచి మావయ్య గొంతు లేచింది. శ్రుతీ లేదు, తాళమూ లేదు, మధ్యమధ్య జీర మాత్రం ఉంది. పక్కింటావిడ గోడ మీదుగా తొంగిచూసి, చావింట్లో ఈ పాటేమిటని అడిగింది.

"నీళ్లున్నాయండీ" అన్నాను.

లోపల రెండో చరణం మొదలైంది.