నల్లపోతు మీద కక్ష

ఓడిపోవడంలో రకాలున్నాయి. బలం చాలక ఓడేవాళ్లుంటారు, అదృష్టం చాలక ఓడేవాళ్లుంటారు. ఎదుటివాణ్ని వదిలేసి తన పక్కనున్న మనిషిని తానే నేలకు కొట్టి, సూర్యాపేట జనం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాడు మాత్రం నాకు తెలిసి ఒక్కడే. వాడి పేరు సైదులు, అంటే నేను. ఆ సర్వనాశనం ఎలా జరిగిందో చెప్తాను. మధ్యలో నవ్వొస్తే నవ్వండి గానీ "అయ్యో పాపం" మాత్రం అనొద్దు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అప్పుడు నేను కోదాడలో గది తీసుకుని డిగ్రీ చదువుతున్నాను. చదువుతున్నాననేది మా ఇంట్లోవాళ్ల కోసం చెప్పే మాట. నిజానికి ఫోన్లో ఒక ఆట ఆడుతున్నాను. వింత జంతువుల ఆట. మన దగ్గర ఆరు జంతువులు, ఎదుటివాడి దగ్గర ఆరు. మనదొకటి, వాడిదొకటి బరిలోకి దిగుతాయి. నీ వంతు, నా వంతు అని ఒక్కో దెబ్బ వేసుకుంటాయి. ఒకటి పడితే ఇంకోటి దిగుతుంది. ఆరూ పడితే ఖతం. చెప్పడానికి ఇంతే. కానీ ఆ ఆరింటిని ఏరుకుని, ఒక్కోదానికి ఏ నాలుగు విద్యలు నేర్పాలో తేల్చుకుని జట్టు కట్టడం ఉంది చూశారూ, దానికంటే పెళ్లి సంబంధం కుదర్చడం తేలిక.

మాది నడిగూడెం. గొర్రెల మంద ఉన్న ఇల్లు. మా నాయినకు నా ఆట గురించి తెలిసింది ఒక్కటే. కొడుకు ఫోన్లో జంతువులను మేపుతున్నాడు, ఇంటి దగ్గరున్నవాటిని మేపడం లేదు. ఈ విషయంలో ఆయన కోపం న్యాయమైనదే కాబట్టి దాన్ని పక్కన పెడదాం. నా కోపం గురించి చెప్పాలి.

మా అక్కను మిర్యాలగూడలో ఇచ్చాం. బావ పేరు వెంకన్న. రైస్ మిల్లులో గుమస్తా, లారీల లోడింగ్ చూస్తాడు. ఒక లారీ పోయి ఇంకో లారీ వచ్చేలోపు ఆయన కూడా ఇదే ఆట ఆడతాడు. ఆయన దగ్గర ఒక జంతువుండేది. నల్లగా, ఒళ్లంతా బురద పూసుకుని, కొమ్ములు తిరిగి ఉంటుంది. ఆటలో దానికేదో నోరు తిరగని పేరుంది. మేం నల్లపోతు అనేవాళ్లం. మనం దెబ్బ వేసే సమయానికి అది బురదలో మునుగుతుంది. మన దెబ్బ గాల్లో కలుస్తుంది. తర్వాత తీరిగ్గా లేచి కుమ్ముతుంది. ఇంత సిగ్గులేని జంతువును నేను ఆటలోనూ చూడలేదు, బయటా చూడలేదు.

మా మేనల్లుడి పుట్టెంట్రుకల దావత్ రోజు, బంతిలో విస్తళ్లు వేస్తుండగా బావ నా పక్కకొచ్చి కూర్చున్నాడు.

"ఏం బామ్మర్ది, కూర వచ్చేదాంక ఒక్క ఆట ఆడుదమా?"

"ఆడుదం బావా," అన్నాను. ఆ నోరు అప్పుడే పడిపోతే ఈ కథే ఉండేది కాదు.

నాది అప్పటికి ముచ్చటైన జట్టు. నిప్పు తోక నక్క, వెన్నెల రెక్కల గుడ్లగూబ, ఇంకా నాలుగు. ఒక్కోదాన్ని నెలల తరబడి పెంచుకున్నాను. నల్లపోతు మునుగుతూ లేస్తూ వాటినన్నిటినీ కుమ్మి పారేసింది. కూర ఇంకా రాలేదు.

"అయిపోయినయా, ఇంకేమన్న ఉన్నయా?" అన్నాడు బావ.

"ఆరే ఉంటయి బావా."

బావ నా ఫోన్ తీసుకుని బంతిలో ఉన్న అందరికీ తిప్పి చూపించాడు. "సూడుర్రి, మా బామ్మర్ది మంద. ఒక్క పోతు మందనంత మేసింది. గొల్లోళ్ల ఇంట్ల పుట్టి మందను కాసుకోవస్తలేదు."

అందరూ నవ్వారు. ఆట అంటే ఏంటో తెలియని ముసలమ్మలు కూడా నవ్వారు. కూర వడ్డించే మా అక్క గరిటె పట్టుకుని నవ్వింది. అక్కడ నాకు కాలింది.

మీరనొచ్చు, నవ్వితే నువ్వూ నాలుగు మాటలు అనకపోయావా అని. అనడానికి లేదండీ. మా ఇళ్లలో బావ బామ్మర్దిని ఏడిపించడం వరస. బామ్మర్ది తిరిగి పరాచికమాడొచ్చు గానీ నిజంగా కోపం చూపించకూడదు. చూపిస్తే అల్లుడికి మర్యాద తక్కువైనట్టు. అల్లుడు అలిగితే అక్క ఏడుస్తుంది, అక్క ఏడిస్తే అమ్మ అన్నం మానేస్తుంది. అందుకని మా ఇళ్లలో అల్లుడి మీద కోపం వస్తే మింగుతారు. నేనూ మాంసం ముక్కతో పాటు మింగాను. మాంసం అరిగింది, కోపం అరగలేదు.

అది జట్టులోకి పోయింది.

కోదాడ వచ్చి, పుస్తకాలు మంచం కిందికి తోసి, నల్లపోతును చంపే విద్య కోసం వెతికాను. దొరికింది. దాని పేరు భూకంపం. నేలంతా అదురుతుంది కాబట్టి బురదలో దాక్కున్నా తప్పదు. తప్పకపోవడమే కాదు, బురదలో ఉన్నదానికి దెబ్బ రెట్టింపు. కింద ఒక ముక్క రాసుంది, కొట్టినది తప్ప బరిలో ఉన్న అన్నిటికీ తగులుతుందని. చదివాను. ఒకటికి ఒకటి ఆడేటప్పుడు బరిలో ఉండేది నల్లపోతు ఒక్కటే కదా అని ముందుకు పోయాను. కోపంలో కోసుకున్న ముక్కు శాంతంలో అతకదంటారు. ఆ సామెత చెప్పినవాడికి కోపంలో ముక్కు కాకుండా ఇంకేమేం కోసుకోవచ్చో తెలియదు.

నక్కను పంపేశాను. గుడ్లగూబను పంపేశాను. వాటి బదులు ఆరు బండ జంతువులను తెచ్చి ఆరింటికీ ఒకే చదువు చెప్పాను. మొదటి విద్య భూకంపం. రెండోది ఆ భూకంపాన్ని పెంచేది. మూడోది ఎదుటిది పారిపోకుండా పట్టేది. నాలుగోది ఊరికే అరిచి భయపెట్టేది. ఇంకే దెబ్బా నేర్పలేదు. ఆరు జంతువులను పెట్టి ఒక్క మనిషి మీద కక్ష కట్టాను.

అదే సమయంలో సూర్యాపేటలో ఈ ఆటకు పోటీ పెట్టారని తెలిసి బావకు ఫోన్ చేశాను.

"బావా, దమ్ముంటే సూర్యాపేటకు రా. గాడ తేల్సుకుందం."

"దమ్ము సంగతెందుకు రా. మిల్లుల సెలవు అడుగుత. నల్లపోతుక్కూడ ఊరు సూసినట్టైతది," అని నవ్వాడు. ఆ నవ్వు వినగానే భూకంపానికి ఇంకొంచెం బలం పెంచాను.

గొర్రెల మందుల కోసం కోదాడ వచ్చిన నాయిన నా గదికొచ్చి మంచం కింద పుస్తకాలు చూశాడు. పోటీ సంగతి చెప్పక తప్పలేదు.

"గెలుస్తవా?" అన్నాడు.

"తప్పకుంట గెలుస్త."

"గట్లనే కానీ. గెలిస్తే ఈ ఎండకాలం నిన్ను మంద ఎంట రమ్మన. కోదాడల కోర్సో ఏదో అన్నవు గద, నేర్సుకో. ఓడితే ఫోన్ నా చేతిల పెట్టి సాగర్ కాల్వ పొంట మంద తోల్కొని నడువు. మల్ల మాట మార్చుడు లేదు."

మంద వెంట పోవడమంటే తెలియనివాళ్లకు చెప్తాను. ఎండాకాలం మేత కోసం కాలువ నీళ్లున్న ఊళ్లకు మందను తోలుకుపోతాం. రైతులు ఎరువు కోసం రాత్రిపూట మా మందను వాళ్ల పొలాల్లో పెట్టించుకుంటారు. గొర్రెలెక్కడ పడుకుంటే మనమూ అక్కడే. కోర్సు ఉండదు, ఫ్యాన్ ఉండదు, ఆట అసలే ఉండదు. నా ఎండాకాలమంతా ఆ పోటీ మీద పెట్టి సూర్యాపేట బస్సెక్కాను.

పోటీ ఒక ఫంక్షన్ హాల్లో. పోగానే జట్టు అప్పజెప్పాలి, తర్వాత మార్చడానికి వీల్లేదు. అప్పజెప్పాను. బావ కూడా అప్పజెప్పి వచ్చి, "పెట్టినవా నీ మందను?" అన్నాడు. నేను నవ్వాను. జీవితంలో అంత తృప్తిగా నవ్వింది అదే చివరిసారి.

అప్పుడు మైకు పట్టుకున్నవాడు గొంతు సవరించుకున్నాడు.

"జనం మస్తుగొచ్చిన్రు. ఒక్కొక్కల్ని ఆడిస్తే రేపటిదాంక అయితది. అందుకని జోడీలు పెడుతున్నం. ఎవరెంట వచ్చినోళ్లు వాళ్లతోనే జోడీ కట్టుర్రి. ఇద్దరి జంతువులు ఒక్కపారే బరిల ఉంటయి. జట్లు మాత్రం ఇచ్చినయి ఇచ్చినట్టే."

నా కాళ్ల కింద నేల అదిరింది. భూకంపం నేర్చినవాడికి అది తగిన శాస్తే.

బావ నా భుజం మీద చెయ్యేశాడు. "మంచిగైంది బామ్మర్ది. నిన్ను కొట్టబుద్ధి నాకు గూడ కాలే."

"నేను వేరేటోళ్లతోని ఆడుత బావా," అన్నాను.

మైకువాడు విని, "మీరిద్దరు ఏమైతరు?" అన్నాడు.

"బావబామ్మర్దులం," అన్నాడు బావ.

"ఇగ వేరే జోడీ ఎందుకన్నా?" అన్నాడు మైకువాడు. వరసలో ఉన్నవాళ్లంతా నిజమే అన్నారు. వాళ్లనెవరడిగారో నాకిప్పటికీ అర్థం కాదు.

బావకు నిజం చెప్పేస్తే పోయేది. ఏమని చెప్పను? "బావా, నా ఆరూ నీ పోతును చంపడానికే పుట్టినయి" అని అల్లుడితో అంత మందిలో అనాలా? సాయంత్రానికల్లా ఆ మాట మిర్యాలగూడ చేరుతుంది. అందుకని మళ్లీ మింగాను.

మాకు ఎదురుగా చిలుకూరు నుంచి వచ్చిన ఇద్దరు అక్కాచెల్లెళ్లు కూర్చున్నారు. ఇంటర్ చదువుతున్నారట. మిరపకాయ బజ్జీలు తింటూ రెండు జంతువులను దింపారు. రెండూ పక్షులే. ఒకటి కొంగలాగుంది, ఇంకోటి పిచ్చుకంత. గాల్లో ఎగిరేవాటికి భూకంపం తగలదు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని ఊరికే అంటారు గానీ, నా బ్రహ్మాస్త్రం పిచ్చుక మీద కూడా పనిచేయదని అక్కడ తేలింది. బావ నల్లపోతును దింపాడు. బరిలో భూకంపం తగిలేది ఒక్కదానికే. నల్లపోతుకు.

మొదటి వంతు అరుపు నొక్కాను. నా బండ జంతువు అరిచింది. పక్షులు కొంచెం జడిశాయి.

"మంచిది. ఇగ కొట్టు," అన్నాడు బావ.

మళ్లీ అరిచాను.

"అరుసుడెందుకు రా, కొట్టు."

మూడోసారి కూడా అరిచాను. చిలుకూరు చెల్లెలు చెవిలో వేలు పెట్టుకుంది. ఆలోపు కొంగ వచ్చి నల్లపోతును రెండు పొడుపులు పొడిచింది. బావకు చిరాకొచ్చింది.

"నా పోతును పొడుస్తుంటే సూస్తున్నవేంది? అది బురదల మునిగింది, ఇగ దానికేం కాదు. నువ్వు భయం లేకుంట కొట్టు."

"వద్దు బావా."

"కొట్టమంటున్న గద రా, పెద్దోని మాటంటే లెక్క లేదా?"

లెక్క ఉంది కాబట్టే కొట్టాను. రెండు ఫోన్లూ వణికాయి. కొంగా పిచ్చుకా రెక్కలాడిస్తూ గాల్లోనే ఉన్నాయి. బురదలోంచి నల్లపోతు వెల్లకిలా తేలింది. నేనెంత బాగా పెంచానో ఆ భూకంపాన్ని, ఒక్క దెబ్బకే పోయింది. చెప్పుకోవడానికి సిగ్గు గానీ, క్షణం పాటు సంతోషమేసింది.

"అన్నా, మీది మీకే తగిలింది," అంది చిలుకూరు అక్క.

"ఏమైంది రా?" అన్నాడు బావ.

"ఫోన్ గరమైనట్టున్నది బావా." తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నవాడు నాకంటే నయం.

"పోనీ, ఇంకోదాన్ని దింపు. దానికేమొచ్చు?"

"గదే వస్తది."

"దాని తర్వాతదానికి?"

"గదే."

"ఆరిటికీ గదేనా?"

బావ రోజూ బస్తాల మధ్య తడిసిన బస్తాను పట్టుకునే మనిషి. నా మొహం చూసి మొత్తం పట్టేశాడు.

"నా పోతు కోసమా?" అన్నాడు మెల్లగా.

చిలుకూరు చెల్లెలు బజ్జీ పక్కన పెట్టింది. "అన్నా, మీరు ఇంటికాడ కొట్లాడి వచ్చిన్రా?"

"కొట్లాడినా బాగుండు చెల్లె," అన్నాడు బావ.

తర్వాతది చెప్పడానికేం లేదు. పక్షులు ఒక్కసారైనా నేలకు దిగకపోతాయా అని వంతు వచ్చినప్పుడల్లా భూకంపమే వేశాను. బావ జంతువుల్లో పక్షులు పొడిచినవి పోను మిగిలినవన్నీ నా చేతిలోనే పోయాయి. జనం మూగి చూశారు. మైకువాడు మా ఆట గురించి మైకులో చెప్పాడు కూడా. వాడి మీద కోపం వేరే ఉంది, అది ఇంకెప్పుడూ తీరదు.

బావ తిట్టలేదు. తిడితే నేనూ నాలుగు అనేవాణ్ని. మునగాల వచ్చేదాకా బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. అత్తగారింటికి రాకుండా పోతే బాగుండదని నాతో పాటు నడిగూడెం వచ్చాడు. నాయిన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"గెలిచిన్రా?"

"లేదు నాయినా."

"ఎవడు కొట్టిండు రా మిమ్మల్ని?"

నేను బావ వైపు చూశాను. బావ చెంబెడు నీళ్లు తాగి, మీసం తుడుచుకున్నాడు.

"మనల్ని బయటోడు కొట్టగలుగుతడా మామా? మనోడే కొట్టిండు."

నాయినకు అర్థం కాలేదు. అర్థం కావలసిన అవసరమూ లేదు. చెయ్యి చాపాడు, ఫోన్ పెట్టాను.

ఆ ఎండాకాలం మంద వెంట నడిచిన దూరమంతా నాకు కోపమే. ఒకరోజు ఆపుకోలేక నాయిన డబ్బా ఫోన్ తీసుకుని బావకు చేశాను. దావత్ రోజు బంతిలో నా ఫోన్ తిప్పి చూపించడం, మంద అనడం, అందరూ నవ్వడం, అన్నీ ఊపిరాడకుండా కక్కేశాను. అల్లుడని చూడలేదు. అక్క ఏడుస్తుందేమో, అమ్మ అన్నం మానేస్తుందేమో అని అప్పుడు భయమేసింది.

"గింతేనా?" అన్నాడు బావ. "తప్పే రా, అంత మందిల అట్ల అనొద్దుండె. కనీ ఈ ముక్క గా దినం బంతిలనే అంటే అయిపోతుండె గద. నా పోతు బతికేది, నువ్వు నీడపట్టున ఉందువు."

కాబట్టి పాఠకులారా, సాగర్ కాలువ గట్టు మీద, మండుటెండలో, వినడానికి గొర్రెలు తప్ప ఎవరూ లేని చోట నిలబడి నేనొక ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో కోపాన్ని మింగి జట్టు కట్టను. వచ్చిన కోపాన్ని వచ్చిన చోటే, విస్తరి ముందైనా సరే, అల్లుడి మీదైనా సరే, కక్కేస్తాను. అప్పటి నుంచి మాట తప్పలేదు. ఇప్పుడు మా చుట్టాలెవరూ నన్ను దావతులకు పిలవడం లేదు.