అనుభవం ఆవిడది, శిక్షణ ఆయనకి

నేను సత్తెనపల్లి దగ్గర ఒక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టును. ఈ రోజు మధ్యాహ్నం జరిగింది చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

పోయిన ఏడాది మిరప కోతలకు వచ్చిన కూలీల పాకల్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఆసుపత్రికి రమ్మంటే కూలి పోతుందని దాక్కున్నారు. మా ఏఎన్ఎం కోటేశ్వరమ్మ గారు వాళ్లతో పాటు చేలో కాయలు కోస్తూ మాట్లాడి, ఒక్కొక్కరినీ ఒప్పించి తీసుకొచ్చారు. అందరూ బతికారు.

ఇప్పుడు అలాంటి ఆపదల్లో జనంతో ఎలా మాట్లాడాలో నేర్పే శిక్షణ వచ్చింది. ఒక్కరికే అవకాశం. వచ్చే నెల రిటైరయ్యే మా ఆఫీసు సీనియర్ అసిస్టెంటు గారు తన పేరే రాసుకున్నారు.

“కోటేశ్వరమ్మ గారిని పంపొచ్చు కదండీ” అన్నాను.

“ఆవిడకి ఇంగ్లీషు రాదు కదయ్యా.”

“పాకల్లో వాళ్లకి వచ్చాండీ?”

ఆయన దరఖాస్తులో ‘మీ అనుభవం రాయండి’ అన్నచోట ఖాళీగా ఉంది. ఆ కాగితం పట్టుకుని నేరుగా ఆవిడ దగ్గరికే వెళ్లి, “అమ్మా, ఆ మిరప కూలీల సంగతి కాస్త చెప్పు, రాసుకుంటాను” అన్నారు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు కూడా.

నాకు ఒళ్లు మండింది. ఇంకో దరఖాస్తు తీసి, ఆవిడ చెప్పిందంతా నేనే తెలుగులో రాసి, కింద ఆవిడ చేత సంతకం పెట్టించి, జిల్లా ఆఫీసుకు పంపించాను.

“ఇన్నేళ్లలో నా పేరు ఎవరూ పంపలేదు బాబూ” అన్నారావిడ.

తనకు చెప్పకుండా పంపినందుకు రేపు నాకు మెమో ఇప్పిస్తారట ఆయన. ఇప్పించనివ్వండి. నా చోట మీరుంటే ఊరుకునేవారా?