గొర్రెలు తొక్కిన దిబ్బ

ఉద్బల చదువు మూడో తరగతితోనే ఆగిపోయింది. గడ్డి సంగతి వేరు. షిలింగోల్ బీళ్ళలో పుట్టి పెరిగిన మంగోలు పిల్ల, పరక కాలికి తగిలితే చాలు, పేరు చెప్పేది. బొగ్గు గనివాళ్ళు తవ్విపోసిన మట్టిదిబ్బను చదును చేసి, గడ్డి విత్తనం చల్లి, గడ్డి ఎంత పరుచుకుందో లెక్కకట్టే మనుషుల కోసం వెతికినప్పుడు ఆమెనూ, ఆమె ఆడపడుచు సొలొంగోనూ పెట్టుకున్నారు. ఆ దిబ్బ ఉన్నచోటే ఒకప్పుడు వాళ్ళ మేతబీడు ఉండేది.

ఐదో ఏటి లెక్కలో నేలను నూటికి అరవై పాళ్ళు గడ్డి కప్పితే బీడు తిరిగి ఇచ్చేస్తామని గని ఇంజనీరు గువో చెప్పాడు. అప్పటిదాకా అక్కడ ఒక్క గిట్ట పడకూడదు. పడిందా, ఇంకో పదేళ్ళు కంచె. ఉద్బల భర్త బుయన్ రెండో ఏడే పోయాడు. పోయేముందు, "నేల చేతికొచ్చేదాకా వదలకు" అన్నాడు. ఆ మాట పట్టుకునే ఆమె రోజులు నెట్టుకొచ్చింది.

ఏటా ఆగస్టులో వదినా ఆడపడుచులిద్దరూ దిబ్బ ఎక్కేవారు. మేకు పాతిన ప్రతిచోటా మీటరు చట్రం పరిచి, అందులో నూటికి ఎన్ని పాళ్ళు గడ్డి కప్పిందో ఉద్బల చూసి చెబితే సొలొంగో రాసుకునేది. నాలుగో ఏడు లెక్క ముప్పై దాటలేదు.

ఉద్బల నేలను గోటితో గీకింది. పైన పెంకు కట్టేసి ఉంది.

"విత్తనం లోపలికి దిగట్లేదే. పైపైనే ఎండిపోతోంది. గొర్రెలు తొక్కాలి."

"తోలకూడదన్నారుగా వదినా."

"ఆ సంగతి విత్తనానికెవరు చెప్పారు?"

సొలొంగో పగలబడి నవ్వింది. "మా అన్న నిన్ను ఊరికే చేసుకోలేదు!"

చలి మొదలైన ఒక పొగమంచు ఉదయాన సొలొంగో మందలోని నలభై గొర్రెల్నీ ఇద్దరూ కలిసి ఉత్తరపు వాలులోని గండిలోంచి దిబ్బ ఎక్కించి, పైకీ కిందికీ రెండుసార్లు తోలారు. లావుపాటి పొట్టేలు ఒకటి వాలులో కూలబడి జారింది.

"తప్పుకో వదినా, ఇంజనీరు గువో గారు తనిఖీకి దిగుతున్నారు!" అంది సొలొంగో. బుయన్ పోయాక ఉద్బల కడుపారా నవ్వింది ఆ ఒక్కరోజే.

ఐదో ఏడు గడ్డి ఏపుగా లేచింది. మొదటి మేకు దగ్గర అరవై మూడు, తర్వాత అరవై ఆరు, డెబ్బై. ఇరవైలో పదహారు మేకులు ముగిసేసరికి ఒక్కటీ అరవైకి తగ్గలేదు.

అప్పుడే గువో వచ్చాడు. ఎటూ చూడకుండా ఉత్తరపు వాలులోని గండి దగ్గరికే నడిచి, వంగి, ఎండిన గొర్రె పెంటికలు ఏరాడు.

"గొర్రెల్ని తోలింది నువ్వేనటగా."

"ఎవరన్నారు?"

అతను సొలొంగో వైపు చూశాడు. సొలొంగో పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

"ఆవిడ ఊళ్ళో లేనప్పుడు ఆవిడ మందని తోలుకెళ్ళావట. గడ్డి బాగానే వచ్చింది, నాకూ కనిపిస్తోంది. కానీ షరతు షరతే. ఇక పదేళ్ళు కంచె. ఈవిడ కాపలా ఉంటుంది."

కాపలా ఉద్యోగం కూడా ముందే ఖాయమైందన్నమాట! గువో బండి కదిలిపోయాక ఉద్బల సొలొంగో వైపు తిరిగింది.

"మీ అన్న ప్రాణం దీనిమీదే పెట్టుకుని పోయాడే..."

"బీడు వస్తే నీ పేరున వస్తుంది వదినా. పెళ్ళై వెళ్ళినదాన్ని, నాకేం వస్తుంది?"

"అడిగితే సగం ఇచ్చేదాన్ని కాదూ?"

"ఇచ్చేదానివే. అడిగించుకుని ఇచ్చేదానివి."

ఉద్బలకు దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. ఆ మాటలో కొంత నిజం ఉండడమే ఆమెను మరింత కాల్చింది.

సొలొంగోనే మెల్లగా అడిగింది. "వదినా, కంచె వేశాక గడ్డి మళ్ళీ పలచబడితే ఏం చెయ్యాలి?"

ఐదేళ్ళ అలవాటు కొద్దీ ఉద్బల చెప్పబోయింది. పెదవుల దాకా వచ్చిన మాటను మింగేసింది. ఇంకా నాలుగు మేకులు మిగిలున్నాయి. చట్రం భుజాన వేసుకుని అటు నడిచింది.