కీమోకీ కీమోకీ నడుమ డ్రైవింగ్ పాఠాలు

డ్రైవింగ్ నేర్పడం అతని పని. నేర్చుకునేవాళ్ళ కాళ్ళ దగ్గర ఉన్నట్టే, పక్కసీట్లో అతని కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చు ఉండేవి. ఎదుటి మనిషి తడబడేలోపే అతని కాలు పని కానిచ్చేది. వెనక అందరూ అతన్ని బ్రేకు మాస్టారు అనుకునేవాళ్ళు. ఆ సంగతి అతనికీ తెలుసు. బండిలో ఉన్నంతసేపూ అతనంత నిదానస్తుడు ఉండడు. లారీ మీదికొస్తున్నా గొంతు పెంచకుండా, ఏం పర్లేదు, కాస్త ఎడమకి తీసుకోండి అనేవాడు. తల్లికి జబ్బు బయటపడ్డాక ఆ నిదానం బండిలోనే మిగిలింది. దిగాడంటే చాలు, కాలు కాలిన పిల్లే.

తల్లి బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దర్జీ. భర్త పోయాక ఆ కుట్టుమిషను తొక్కుతూనే కొడుకుని పెద్దచేసింది. దగ్గు పట్టుకుని వదలకపోతే గుడ్డల నూగు పడటం లేదనుకుంది. మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే వయసనుకుంది. చివరికి ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీసి పరీక్షకు పంపితే క్యాన్సరనీ, అప్పటికే ఎముకల దాకా పాకిందనీ తేలింది. ఆమె జన్మలో సిగరెట్టు ముట్టలేదు. చూడటానికి వచ్చినవాళ్ళు మాత్రం చుట్టూ తిప్పి ఆ ప్రశ్నే అడిగేవాళ్ళు. మొదట్లో ఓపిగ్గా లేదని చెప్పేది. ఓసారి పక్కవీధి ఆవిడ అడిగితే, "అవునమ్మా, మిషను తొక్కుతూ చుట్టలు కాల్చేదాన్ని" అంది. ఆవిడ మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

డాక్టరమ్మ తల్లినీ కొడుకునీ ఎదురుగా కూర్చోబెట్టుకుని దాపరికం లేకుండా చెప్పింది. ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు. మాత్రలకు లొంగే రకమేమోనని చేసిన పరీక్షలో ఆ దారి కూడా లేదని వచ్చింది. కీమో ఇస్తే కొన్నాళ్ళు అదుపులో ఉంచొచ్చు, ఆయాసం తగ్గించొచ్చు. తల్లి తలూపింది. కొడుకు 'కొన్నాళ్ళు' అన్న మాట చెవిన వేసుకోలేదు. 'అదుపు' అన్న మాటొక్కటే పట్టుకుని బయటికొచ్చాడు.

మూడువారాలకోసారి కీమో. పొద్దున వెళ్తే సాయంత్రం దాకా సీసా తర్వాత సీసా ఎక్కుతూనే ఉండేది. తల్లి వాలుకుర్చీలో దుప్పటి కప్పుకుని పక్క కుర్చీలవాళ్ళతో లోకాభిరామాయణం వేసుకునేది. కొడుకు కూర్చునేవాడు కాదు. చుక్కలు సరిగా పడుతున్నాయా అని చూసేవాడు, నర్సుని పిలిచేవాడు, నర్సు వచ్చి అంతా బాగానే ఉందంటే వరండాలోకి వెళ్ళి ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగేవాడు. ఒకరోజు మందు ఎక్కించుకుంటున్న ఒక పెద్దాయన ఉండబట్టలేక అన్నాడు, "బాబూ, కాస్త కూర్చో. మందుకి కాదు, నీ తిరుగుడుకి నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

ఇంట్లోనూ అంతే. కీమో అయిన మొదటి రెండురోజులూ తల్లి హుషారుగా తిరిగేది. ఆ తర్వాత ఒక్కసారిగా కూలబడేది. ఏం తిన్నా నోట్లో ఇనుము నాకినట్టుందనేది. జుట్టు దిండుకే అంటుకునిపోయింది. అతను గంటకోసారి జ్వరం చూసేవాడు, వేలికి క్లిప్పు తగిలించి ఆక్సిజన్ చూసేవాడు, పడుకుంటే ఎందుకు పడుకున్నావనీ, లేస్తే ఎందుకు లేచావనీ అడిగేవాడు. భార్య బడిలో లెక్కల టీచరు, తొణకని మనిషి. ఆమెకే తల ప్రాణం తోకకొచ్చి, "జబ్బు అత్తయ్యకి. మీరు ఇంట్లో ఉంటే ఊపిరాడనిది మాత్రం మా ఇద్దరికీ" అని మొహం మీదే అనేసింది.

మళ్ళీ కీమో వచ్చేలోపు ఒక మంచి వారం దొరికేది. ఆకలి వేసేది, ఆయాసం తగ్గేది. అలాంటి ఒక మంచి వారంలో తల్లి తనకి డ్రైవింగ్ నేర్పమంది.

అతను ముందు నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఇప్పుడు వద్దన్నాడు, ఒంట్లో కుదురుకున్నాక చూద్దామన్నాడు.

"ఊళ్ళో అందరికీ నేర్పావు. నేను కుదురుకునే రోజు ఎప్పుడొస్తుందో డాక్టరమ్మ నీకు విడిగా ఏమైనా చెప్పిందా?" అంది తల్లి.

కోడలు లోపలికెళ్ళి బండి తాళాలు తెచ్చి అత్త చేతిలో పెట్టింది.

ఊరిచివర మూతపడిన గోదాముల వెనక సిమెంటు నేల మైదానం ఉంది. కొత్తవాళ్ళకి అతను అక్కడే నేర్పేవాడు. నెత్తికి రుమాలు బిగించి కట్టుకుని తల్లి స్టీరింగ్ ముందు కూర్చుంది. మిషను తొక్కిన కాళ్ళు కాబట్టి క్లచ్చు ఇట్టే పట్టేసింది. మొదటిరోజే మైదానం చుట్టేసి, నువ్వు ఇంతకాలం ఈ మాత్రం పనికేనా అంత పోజు కొట్టావని కొడుకుని ఏడిపించింది. అతను కూడా నవ్వాడు. బండిలో ఆక్సిజన్ క్లిప్పు సంగతి గుర్తురాలేదు. తర్వాతి మంచి వారంలో ఆమె వెనక్కి తిప్పడం నేర్చుకుంది, గోదాము గోడ పక్కన బండి పెట్టడం నేర్చుకుంది.

ఆ తర్వాతి కీమో అయ్యాక వెళ్ళినప్పుడు తేడా వచ్చింది. బండి ఎగిరెగిరి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేసింది. గోడ దగ్గరపడుతుంటే ఆపమన్నాడు. బండి ఆగలేదు, వేగం పెరిగింది. అతని కాలు తన బ్రేకు మీద పడింది. గోడకి జానెడు దూరంలో ఆగింది. తల్లి పొరపాటున వేరేది తొక్కానని నవ్వేసింది. కానీ తొక్కే ముందు ఆమె కిందికి వంగి, తన కాలు ఎక్కడుందో కళ్ళతో వెతుక్కోవడం అతను చూశాడు. కొత్తవాళ్ళు పెడల్ కోసం వెతుకుతారు. కాలి కోసం ఎవరూ వెతకరు.

అతను దిగి, ఆమె వైపు తలుపు తీసి, నేల మీద కూర్చుని ఆమె చెప్పులు విప్పాడు. కళ్ళు మూసుకోమని చెప్పి ఒక కాలివేలు పట్టుకున్నాడు.

"ఇది ఏ వేలమ్మా?"

"బొటనవేలు."

అతను పట్టుకున్నది చిటికెన వేలు. రెండో కాలు చూశాడు. చేతివేళ్ళ కొసలు చూశాడు. అప్పుడు ఒక్కొక్కటే తట్టింది. గుండీలు కోడలిచేత పెట్టించుకుంటోంది. కళ్ళు ఆనడం లేదని సూది పట్టడం మానేసింది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటోంది.

ఎన్నాళ్ళనుంచని అడిగితే, రెండో కీమో నుంచీ తిమ్మిరిగా ఉందనీ, ఈమధ్య దూది మీద నడిచినట్టుందనీ చెప్పింది. డాక్టరు ప్రతిసారీ అడుగుతూనే ఉంది కదా, ఎందుకు చెప్పలేదన్నాడు.

"చెబితే మందు ఆపేస్తారట. నా పక్క కుర్చీ ఆవిడకి ఆపేశారు. ఆపేస్తే నువ్వు తట్టుకోలేవురా."

"నా కోసం ఓర్చుకుంటున్నావా?"

"ఈ జబ్బు ఎటు పోతుందో నాకు మొదటిరోజే అర్థమైంది. నువ్వే ఇంకా వరండాలో తిరుగుతున్నావు."

అతను లేచి నడవడం మొదలుపెట్టాడు. మైదానమంతా చుట్టాడు, గోదాముల వెనక్కి వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. తల్లి మీద కోపమో తన మీద కోపమో తేలలేదు. ఎంతకీ దగ్గరికి రాకపోయేసరికి తల్లి హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. అతను వచ్చి కూర్చున్నాక ఎండగా ఉంది, ఇంటికి పోదాం పద అంది.

ఈసారి ఆస్పత్రిలో డాక్టరమ్మ అడగ్గానే అలవాటుగా అతనే నోరు తెరవబోయాడు. మళ్ళీ తమాయించుకుని తల్లి వైపు చూశాడు. దాచినదంతా ఆమే ఉన్నదున్నట్టు చెప్పింది. డాక్టరమ్మ ఆమె పాదాలు పట్టి చూసి, ఇలాంటివి దాస్తే నరాలు మళ్ళీ కోలుకోకపోవచ్చని మందలించింది. తిమ్మిరి తెచ్చిన మందు మానేసి దాని స్థానంలో వేరేది రాసింది. కీమో మొత్తంగా ఆపలేదు. ఇన్నాళ్ళూ తల్లి భయపడ్డది ఇంతమాత్రానికే.

తర్వాత తీసిన స్కాన్‌లో గడ్డ పెరగలేదు, తగ్గలేదు. అది మంచి వార్తేనని డాక్టరమ్మ రెండుసార్లు చెబితేగానీ అతనికి నమ్మకం కుదరలేదు. చేతివేళ్ళకి కొంత స్పర్శ తిరిగొచ్చింది. పాదాలకి రాలేదు. డ్రైవింగ్ అంతటితో ఆగింది. ఆమె మాత్రం పక్కసీట్లో కూర్చుని అతను మలుపు తిప్పిన ప్రతిసారీ వంకలు పెట్టేది.

ఆ ఎండాకాలం, ఆ తర్వాతి వానలు ఆమె బాగానే ఉంది. చలి మొదలయ్యాక ఆయాసం తిరగబెట్టింది. స్కాన్‌లో కాలేయం మీద కొత్త మచ్చలు కనిపించాయి. ఇంకోరకం కీమో ఉందనీ, దాని వల్ల ఒరిగేది తక్కువనీ, బలవంతం చేయననీ డాక్టరమ్మ అంది. తల్లి కొడుకు మొహం చూసింది. అతను ఆలోచించుకుని చెబుతామన్నాడు. ఆ సాయంత్రం క్లాసులు మానుకుని చీకటిపడేదాకా వీధులు పట్టుకుని తిరిగాడు. ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా తల్లి మంచం దగ్గర నిలబడ్డాడు.

"నీకు వద్దనిపిస్తే వద్దమ్మా. నేను తట్టుకుంటాను."

తట్టుకుంటాడని ఆమె నమ్మలేదు. ఆ మాట అన్నందుకు మాత్రం అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆమె ఆ కీమో వద్దంది. చివరి నెలలు ఇంట్లోనే గడిచాయి. నొప్పి తెలియకుండా మందులిచ్చారు, ఆక్సిజన్ మిషను పెట్టారు. ఒక పొద్దున కోడలు మొహం తుడుస్తుండగా ఆమె ప్రాణం పోయింది. అప్పుడు అతను ఊరికి ఆ చివర ఎవరికో మలుపు తిప్పడం నేర్పుతున్నాడు.

ఆ కీమో కూడా చేయించాల్సిందేమో అని ఎవరైనా అంటే లేదనే చెబుతాడు, అలాగే అనుకుంటాడు కూడా. అయినా భోజనం దగ్గర ఇప్పటికీ కుదురుగా కూర్చోలేడు. సగంలో లేచి కిటికీ దాకా వెళ్తాడు. భార్య అతని కంచం మీద మూత పెట్టి, అతను వచ్చేదాకా తనూ ఆగుతుంది.