ధనియాల పొట్లంలో నా ఉక్రోషం

1968లో పెళ్లయి శృంగవరపుకోటకి కాపురానికొచ్చాను. మా అత్తవారిది కిరాణా కొట్టు. ఇంట్లో నోరెత్తే వీల్లేక, బళ్లో మా తెలుగు టీచరు చెప్పిన పని చేసేదాన్ని. "మనసు ఉడికిపోతుంటే కలం ఆపకుండా, కొట్టివేతలు లేకుండా, ఏది తోస్తే అది రాసేయండి" అనేవారావిడ. మధ్యాహ్నం అందరూ నడుం వాల్చినప్పుడు నా పాత నోటుబుక్కులో రాసేదాన్ని. రాసేకొద్దీ కోపం చల్లారి సరదా పుట్టుకొచ్చేది.

ఓరోజు ఆ పుస్తకం కనబడలేదు. చదువురాని మా అత్తగారు దాన్ని పొట్లాలకని చింపేశారట! నేను కొట్లోకి పరుగెత్తేసరికి ఎదురింటి రమణమ్మ ధనియాల పొట్లం విప్పి, అత్తగారికి చదివి వినిపిస్తోంది.

"'పులుసులో రెండోసారి ఉప్పు తనే వేసి, నేను వేశానంటుంది మా అత్త. ఆవిడ నవ్విందంటే పాలు విరిగిపోతాయి.' ఎవులు రాసినారో గానీ వదినా, దీని తరవాత కాయితం ఏదీ?"

నేను బస్తాల చాటుకి తప్పుకున్నాను. అత్తగారు పగలబడి నవ్వారు. "ఎవల కోడలో గానీ గట్టిదే!" అన్నారు. బతికిపోయాననుకున్నాను.

మర్నాడు ఆవిడ కొత్త నోటుబుక్కు తెచ్చి నా ఒళ్లో పడేశారు.

"ఇది సింపను, రాసుకో. కానీ ఆ పులుసులో రెండోసారి ఉప్పు ఏసింది నువ్వే. అదీ రాయి!"

కడుపులో దాచుకున్న కోపం కాగితమెక్కితే కథవుతుందని ఆరోజే తెలిసింది. ఆ తర్వాత ఎన్ని పుస్తకాలు నింపానో! ఆ ఉప్పు ఎవరు వేశారో మాత్రం ఇప్పటికీ తేలలేదు.