మందు వెయ్యని చెరువు

నిజం చెప్పండి: మీకు బాగా నమ్మకమైన మనిషి ఒక చెంచా పొడి మీ అరచేతిలో పోసి, ఇది మజ్జిగలో కలుపుకుని తాగితే పదేళ్లు వెనక్కి వెళ్తారంటే, మీరు తాగరా?

నేనైతే తాగనని నలభై ఏళ్లుగా వేదికల మీద చెబుతున్నాను. ముసలితనాన్ని వెనక్కి తిప్పుతుందని మనుషుల మీద రుజువైన మందు ఇంతవరకు ఒక్కటీ లేదని, ఉన్నట్టు అమ్మేవాడు అబద్ధం అమ్ముతున్నాడని రాశాను. ఎదురు వాదించినవాళ్లతో గొంతు పోయేదాకా వాదించాను. అందుకే సోమవారం సాయంత్రం మా అక్క కూతురు శిరీష కామవరపుకోట నుంచి ఫోన్ చేసి, "పిన్నీ, నాన్న రొయ్యల మందు తాగుతున్నారు" అన్నప్పుడు ముందు నాకు నవ్వొచ్చింది.

"ఏం మందే అది?"

"చెరువుల్లో వేస్తారు కదా, మినరల్స్, ఆ పొడి. రోజూ పొద్దున్నే మజ్జిగలో కలుపుకుంటున్నారు. రెండు నెలలైందంట. కాళ్లు వాచాయి పిన్నీ. ఇదేంటి నాన్నా అంటే వయసు తగ్గుతోందంటారు. నువ్వు చెబితేనే వింటారు. మా స్కూల్లో పరీక్షలు, ఆదివారం దాకా నేను కదల్లేను."

మా బావగారు రంగారావు గారికి డెబ్బై ఆరేళ్లు. మండవల్లిలో ముప్ఫై ఏళ్లపాటు చేపలు, రొయ్యలు పెంచారు. నాకు తర్కం నేర్పిందీ ఆయనే. తాడేపల్లిగూడెంలో చదువుకునే రోజుల్లో సంస్కరణ సభల్లో ఆయనది ఒక పక్షం, మా అక్క సత్యవతిది ఎదుటి పక్షం. ఊరూరా తిరిగి వాదించుకుని, చివరికి దండలు మార్చుకుని పెళ్లి చేసుకున్నారు. "ఆధారమేదీ?" అన్న ప్రశ్న నేను మొదట విన్నది ఆయన నోటే. అలాంటి మనిషి రొయ్యల మందు తాగుతున్నారంటే వెళ్లి మాన్పించాలనుకున్నాను. ఆయనతో వాదించి ఒక్కసారైనా గెలవాలని కూడా అనుకున్నాను. దాచడం దేనికి?

బుధవారం పొద్దున్న తాడేపల్లిగూడెం స్టేషనుకి ఏడింటికి చేరాను. ఏడుంపావుకి రావాల్సిన ప్యాసింజరు ఏడున్నరకి వచ్చింది. ఏలూరుకి టికెట్టు, ప్లాట్‌ఫారం మీద తిన్న గారెల కంటే చవక. ఎదురు సీట్లో ఒకావిడ ఒళ్లో సంచీ నిండా రంగురంగుల డబ్బాలు పెట్టుకుని కూర్చుంది. ఉంగుటూరు దాటగానే మొదలుపెట్టింది.

"నాకెంత వయసుంటుందనుకుంటున్నారండీ?"

"యాభై ఉంటాయేమోనండీ."

ఆవిడ మొహం చిన్నబోయింది. "యాభై రెండండీ. అందరూ నలభై కూడా ఉండవంటారు. ఈ టాబ్లెట్ల మహిమేనండీ. బీపీ, షుగరు, మోకాళ్ల నొప్పులు, ముడతలు, అన్నీ తగ్గుతాయండీ."

"పెరిగేది ఏమైనా ఉందాండీ?"

పక్కనున్న పెద్దాయన పేపరు అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఆవిడ ఏమీ నొచ్చుకోకుండా, భీమడోలులో దిగబోతూ నన్ను పరీక్షగా చూసి, "మీరూ ఏదో వాడుతున్నట్టున్నారే" అంది. నేను కిటికీ వైపు తిరిగాను. నా చేతిసంచీ అడుగున ఒక సీసా ఉంది మరి.

ఎనిమిదిన్నరకి ఏలూరు. బస్టాండు ఎదురుగా రెండు ఇడ్లీ, ఒక కాఫీ. తొమ్మిదీ పదికి కైకలూరు బస్సు. ఈ దారిన వెళ్లేవాళ్లు కాస్త ముందుగా వచ్చి కిటికీ పక్క సీటు పట్టుకోండి. చలికాలం ఉదయం కొల్లేరు వంతెనలు దాటుతుంటే రెండు వైపులా నీళ్లు, గుర్రపుడెక్క, వాటి మధ్య తెల్లగా గూడబాతులు. మా అక్క, నేను ఈ దారిన తిరిగిన రోజుల్లో ఏది సరస్సో, ఏది పొలమో తెలిసేది కాదు. ఇప్పుడు ఏది సరస్సో, ఏది చేపల చెరువో తెలియడం లేదు.

లంక గ్రామం దగ్గర ఒక తాత ఎక్కాడు. మనిషి ఎండిన తుంగలా ఉన్నాడు, ఎవరి చెయ్యీ పట్టుకోకుండానే మెట్లెక్కాడు. కండక్టరు నాతో, "తొంభై దాటాయండీ ఈయనకి" అని, ఆయన వైపు తిరిగి, "ఏం తింటావేంటి తాతా, రహస్యం మాకూ చెప్పు" అన్నాడు.

"రహస్యమేముందిరా. నా తమ్ముళ్లు ముగ్గురూ నేను తిన్నదే తిన్నారు, నాతోపాటే పడవ లాగారు. వాళ్లు పోయారు. ఇప్పుడు ఏది రహస్యమని చెప్పమంటావు?"

దీర్ఘాయువు మీద నేను రాసిన వ్యాసాలన్నిటిలో చెప్పడానికి తంటాలు పడ్డది ఇదే. బతికి బస్సెక్కినవాణ్ణి అడిగి ఆహారం రాసుకుంటాం. అదే తిని పోయినవాళ్లు బస్సులో ఉండరు.

పదిన్నరకి కైకలూరులో దిగాను. రోడ్డు పొడవునా ఐసు లారీలు, మేత దుకాణాలు. ఒక దుకాణంలోకి వెళ్లి మినరల్స్ బస్తా చూపించమన్నాను.

"చెరువు ఎన్నెకరాలండీ?" అన్నాడు దుకాణదారు.

"చెరువు లేదండీ, ఒక మనిషి."

ఆయన ఒక్క క్షణం నన్ను తేరిపార చూసి, బస్తా నావైపు తిప్పాడు. చేపలకు, రొయ్యలకు మాత్రమే అని పెద్ద అక్షరాలతో ఉంది. మనుషులు వాడరాదని కింద చిన్న అక్షరాలతో ఉంది. ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. ఆధారం దొరికింది కదా, షేర్ ఆటోలో మండవల్లి దాకా నా వాదన నాలో నేనే రెండుసార్లు వల్లించుకున్నాను.

బావగారు అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతున్నారు. పాదాలు చెప్పుల పట్టీల మీంచి పొంగి కనిపించాయి.

"రా మరదలా. శిరీష పంపిందా, నీ అంతట నువ్వే వచ్చావా?"

"మీ వయసు తగ్గిందంటే చూద్దామని వచ్చాను. ఎక్కడ తగ్గింది బావగారూ, నాకు కనబడ్డం లేదే?"

"కళ్లద్దాలు తుడుచుకో."

లోపలి గదిలో మంచం మీద మా అక్క చీర కొంగు మడతపెడుతూ, విప్పుతూ ఉంది. రెండేళ్లుగా జ్ఞాపకం జారిపోతోంది. ఎనిమిది నెలల కిందట నేను వచ్చినప్పుడు నన్ను పేరు పెట్టి పిలిచింది.

"నేనక్కా" అన్నాను.

"కూర్చో అమ్మా. మా చెల్లెలు స్కూలుకెళ్లింది. వచ్చే వేళయింది" అంది, గుమ్మం వైపు చూస్తూ.

నాకంటే ఏడేళ్లు పెద్దది. నా జడ తనే వేసేది, నా మొదటి ఉపన్యాసం తనే రాసిచ్చింది. ఇప్పుడు తన లెక్కలో తనకి పద్దెనిమిదేళ్లు. ఆ ఇంట్లో వయసు నిజంగా వెనక్కి వెళ్లింది ఒక్క తనకే. ఆ చెల్లెలు వస్తే ఎంత బాగుండునో అని నాకూ అనిపించింది.

అరుగు మీదికి తిరిగొచ్చి బస్తా ఫొటో చూపించాను. బావగారు చూడను కూడా చూడలేదు.

"ఆ రాత నాకు తెలుసు. గుల్ల మెత్తబడ్డ రొయ్యకి నాలుగు రోజులు మినరల్స్ వేస్తే రాయిలా గట్టిపడుతుంది. కుబుసం విడిచి, కొత్త గుల్లతో గంతులేస్తుంది. ముప్ఫై ఏళ్లు కళ్లారా చూశాను. మన ఎముకల్లో ఉండేదీ ఆ సున్నమే కదా?"

"రొయ్య కుబుసం విడిచేది ఎదగడానికి. విడిచినప్పుడల్లా దాని వయసు పెరుగుతుందే గాని తగ్గదు. ఒక్క రొయ్యైనా కుబుసం విడిచి పిల్ల అయిపోయిందా బావగారూ?"

ఆయన నవ్వారు. బాగా అన్నావన్నట్టు తలాడించారు. ఇంతలో బస్తా మీద చిన్న అక్షరాలు చదివి వినిపిద్దామని కళ్లద్దాల కోసం సంచీలో చెయ్యి పెట్టాను. సీసా దొర్లి అరుగు మీద పడింది. ఆయన తీసి చదివారు.

"జ్ఞాపకశక్తి పెంచు మాత్రలు. ఆధారమేదీ?"

లేదు. స్నేహితురాలు ఇచ్చింది. అక్కకి వచ్చింది నాకూ వస్తుందేమోనని భయమేసి, ఒక్క ప్రశ్నైనా అడగకుండా మూడు నెలలుగా మింగుతున్నాను. ఆ మాటే చెప్పాను.

"పనిచేసిందా?"

"సీసా ఎక్కడ పెట్టానో మాత్రం రోజూ గుర్తుంటోంది."

ఇద్దరం నవ్వుకున్నాక నేను అసలు బాణం తీశాను. "కొత్త మందు వస్తే మీరేం చేసేవారు? పక్కపక్క చెరువుల్లో ఒకదానికి వేసి, రెండోది మామూలుగా వదిలేసేవారు. రెండూ పోల్చి చూశాకే మందు మంచిదో కాదో తేల్చేవారు. అదే పద్ధతి నాకూ నేర్పారు. మరి ఇప్పుడు మందు వెయ్యని చెరువేదీ?"

బావగారు చాటలోని బియ్యం అరచేత్తో సమం చేశారు, మళ్లీ చెరిపారు.

"రెండో చెరువు చూసి తేల్చుకునే టైము నాకు లేదమ్మా" అన్నారు. "నేను ముందు పోతే దాన్ని మంచం మీంచి ఎవరు లేపుతారు? నాకు పదేళ్లు అక్కర్లేదు. దానికంటే ఒక్కరోజు ఎక్కువ ఉంటే చాలు."

"బీపీ బిళ్ల వేసుకుంటున్నారా?"

"అయిపోయి నెల దాటింది. చీటీ పాతది, మనిషి వచ్చి చూపించుకుంటేనే కొత్తది రాస్తానన్నాడు డాక్టరు. కైకలూరు వెళ్లాలంటే దీన్ని ఒక్కదాన్నీ వదిలి ఎలా వెళ్లను? మినరల్స్ అంటావా, పాత బస్తా ఇంట్లోనే ఉంది."

నలభై ఏళ్ల నా వాదన ఆ అరుగు మీద నిలిచిపోయింది. ఆ మందును ఆయన నమ్మడానికి కారణం నేను వెతికినచోట లేదు. ఆ ఇంట్లో ఆయన చేతికి అందే మందు అదొక్కటే.

పన్నెండున్నరకి ఆయన్ని ఆటో ఎక్కించి డాక్టరు దగ్గరికి పంపించాను. ఎన్ని వారాల తర్వాత ఊరు దాటుతున్నారో ఆయనకే గుర్తులేదు. వెళ్తూ వెళ్తూ మూడుసార్లు వెనక్కి చూశారు.

అక్కకి ఆనపకాయ పులుసుతో అన్నం కలిపి తినిపించాను. రెండు గంటల వేళ లేస్తానంది. చంకల కింద చేతులు వేసి లేపబోయాను. సగం లేచాక ఇద్దరం మెల్లగా కిందికి జారాం. దెబ్బ తగల్లేదు. మళ్లీ లేపాలని చూశాను. నాకు అరవై నాలుగేళ్లు. మోకాళ్లు ఒప్పుకోలేదు. వాకిట్లోకి వెళ్లి ఎవరినైనా పిలుద్దామంటే, తనని నేల మీద ఒక్కదాన్నీ వదలలేకపోయాను. ఇదే పని బావగారు రోజుకి ఎన్నిసార్లు చేస్తున్నారో అప్పుడు లెక్క వేసుకుని సిగ్గుపడ్డాను.

"జడ వెయ్యనా?" అంది అక్క హఠాత్తుగా. నా నెరిసిన జుట్టు విప్పి మూడు పాయలు చేసింది. అల్లిక మాత్రం వేళ్లు మర్చిపోలేదు. గంటన్నర సేపు అలా గోడకి ఆనుకుని కూర్చున్నాం. "మా చెల్లెలి జుట్టు నీ అంత పల్చగా ఉండదు" అంది మధ్యలో.

మూడున్నరకి బావగారు వచ్చారు. మమ్మల్ని చూసి కంగారుపడలేదు. అక్క ముందు గొంతుకూర్చుని, తన చేతులు తీసి మెడ చుట్టూ వేసుకుని, "సత్యవతీ, బస్సొచ్చింది, లే. సభకి ఆలస్యమవుతుంది" అన్నారు. అక్క లేచింది. సగం ఆయన బలం, సగం తనదే. మందుల సంచీలోంచి పరీక్ష కాగితం తీసి నాకిచ్చారు.

బీపీ చాలా ఎక్కువగా ఉంది. కిడ్నీ పరీక్షలో అంకె ఉండాల్సినదానికి పైన ఉంది. అది పొడి వల్లా, బీపీ వల్లా, రెండిటి వల్లా అన్నది ఇప్పుడే చెప్పలేనన్నాడట డాక్టరు. పొడి ఈరోజే మానేసి, బిళ్ల వేసుకుని, రెండు వారాలకి మళ్లీ రమ్మన్నాడట.

"బస్తా పక్క చెరువాయనకి ఇచ్చేస్తాన్లే. రొయ్యలకైనా పనికొస్తుంది" అన్నారు. మందులు అలమరలో సర్దుతూ, "రెండు వారాలకి మళ్లీ ఎలా వెళ్లేది?" అన్నారు, నన్ను అడుగుతున్నట్టు కాకుండా.

"ఇక ప్రతి బుధవారం నేనొస్తాను. ఆ రాత్రి ఉండి, గురువారం వెళ్తాను. ఆదివారాలు శిరీష చూసుకుంటుంది."

"మరి నీ మీటింగులు?"

"నేను లేకపోతే ఇంకొకరు మాట్లాడతారు. ఇక్కడ ఇంకొకరు లేరుగా. అక్కని లేపడం మాత్రం మీరే నేర్పాలి."

"బట్టలు తెచ్చుకోకుండా ఉపన్యాసం తెచ్చుకున్నావు ఈసారి" అన్నారు. ఆ సీసా నేనే వాళ్ల చెత్తబుట్టలో వేసి బయల్దేరాను.

అయిదుంపావుకి కైకలూరులో ఏలూరు బస్సు ఎక్కాను. కొల్లేరు మీద ఎండ ఎర్రబడుతోంది. మేతకి వెళ్లిన గూడబాతులు గుంపులుగా తిరిగొస్తున్నాయి. గుమ్మం వైపు చూస్తూ అక్క ఇంకా చెల్లెలి కోసం కాచుకుని ఉంటుంది. నన్ను మళ్లీ ఆ స్కూలు పిల్లని చేసి, ఈ బస్సులోంచి తీసుకెళ్లి తన ముందు నిలబెట్టగలిగే మందు ఏదైనా ఉంటే, ఆ సాయంత్రం ఆధారం అడక్కుండానే మింగేదాన్ని. లేదు కాబట్టి ఉన్నదే చెబుతాను. రోజూ నడవడం, కంటినిండా నిద్ర, పొగాకు జోలికి పోకపోవడం, బీపీ, షుగరు అదుపులో ఉంచుకోవడం, పరీక్షలో తక్కువని తేలిన విటమిన్ ఏదైనా డాక్టరు చెప్పినంత వేసుకోవడం. వీటితో జబ్బులు ఆలస్యంగా వస్తాయి, కాళ్లూ చేతులూ ఇంకొంత కాలం మన మాట వింటాయి. గడిచిన ఏళ్లు తిరిగి రావు. అయితే ఈ పనులన్నిటికీ మనిషికి రోజులో ఒక గంట తనదంటూ ఉండాలి. మా బావగారికి అది లేదు. అది ఇవ్వాల్సింది నేను, ఎనిమిది నెలలు ఇవ్వలేదు.

మీ చుట్టాల్లోనూ మంచాన పడ్డ మనిషిని ఒంటరిగా చూసుకుంటున్నవాళ్లు ఒకరు ఉంటారు. ఇది చదువుతుంటేనే వాళ్ల మొహం మీకు గుర్తొచ్చి ఉంటుంది. ఏమైనా కావాలా అని ఫోన్‌లో అడగకండి, ఏమీ వద్దంటారు. ఈ వారమే వెళ్లండి. బట్టలు సర్దుకుని వెళ్లండి. వాళ్లని డాక్టరు దగ్గరికి పంపించి, మంచం పక్కన మీరు కూర్చోండి.